అత్తగారి బ్యాగు: కొత్తదిలా చేయాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

ఒక పాఠకురాలు రాసిన ఉత్తరమిది. పేరు వేయొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆవిడకు పాత తోలు బ్యాగులంటే ప్రాణం. ఎవరో వాడి వదిలేసినవి, ముడతలు పడి రంగు వెలిసినవి తక్కువలో కొని తెచ్చుకుంటారు. ఇంట్లోనే తుడిచి, ఊడిన కుట్లు వేసి, క్రీము పట్టించి కొన్ని తాను వాడుకుంటారు, కొన్ని అమ్ముతారు. కొన్నేళ్ళుగా చేస్తున్న పని, చెయ్యి తిరిగింది. మొదట్లో "ఈ పాత సంత మనకెందుకు" అని విసుక్కున్న ఇంట్లోవాళ్ళే ఇప్పుడు చుట్టాలొస్తే ముందు ఆ బ్యాగులు తీసి చూపిస్తున్నారట.

పోయినేడు అత్తగారు కాలం చేశారు. ఆవిడ బీరువాలో ఒక గోధుమరంగు హ్యాండ్‌బ్యాగు దొరికింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ కూడా దాన్ని సెకండ్‌హ్యాండ్‌లోనే కొన్నారట, రిటైరయ్యేదాకా అదే మోశారట. పెద్దాడపడుచు దాన్ని తెచ్చి ఈవిడ చేతిలో పెట్టి, "అమ్మ బ్యాగును కొత్తదానిలా చేసిపెట్టు, నేను ఆఫీసుకు వేసుకెళ్తాను. ఊళ్ళోవాళ్ళ బ్యాగులన్నీ తళతళలాడించి అమ్ముతున్నావు, మా అమ్మది చేయలేవా?" అన్నారు. మర్నాడే చిన్నాడపడుచు ఫోను చేసింది. "వదినా, దాన్ని ముట్టుకోకు. ఆ పిడి మీద నలుపు అమ్మ చేతిది. అదీ పోతే ఇంకేం మిగులుతుంది?" భర్తను అడిగితే, "అక్క చెప్పినట్టు చేసెయ్. మీ మధ్యలోకి నన్ను లాగకు" అని తేల్చేశారు.

బ్యాగు ఎలా ఉందో ఆవిడ వివరంగా రాశారు. మూత మీద తెల్లటి పొర. ఇత్తడి రివెట్ల చుట్టూ పచ్చటి చిలుము. పిడి అరచెయ్యి పట్టినంత మేర నల్లగా, నున్నగా ఉంది, గోరుతో గీస్తే జిడ్డు లేస్తోంది. ఒక పక్క పట్టీ కుట్టు తెగింది. లోపలి లైనింగు చేతికి అంటుకుంటూ పెచ్చులూడుతోంది. మూత తీస్తే కలరా ఉండల వాసన. లోపలి జేబు తోలు మీద అత్తగారు బాల్‌పెన్నుతో రాసుకున్న తన పేరు. ఆ పేరు చెరిపేయమని పెద్దావిడ, దాని జోలికి పోవద్దని చిన్నావిడ.

"వీడియోల్లో బ్యాగుల్ని మొత్తంగా నీళ్ళలో ముంచి తీస్తున్నారు, నేనూ ముంచనా? పిడి నలుపు కనపడకుండా బ్యాగంతటికీ ముదురు రంగు వేసేయనా? నా వల్ల కాదని తిరిగిచ్చేయనా? వచ్చే నెల పెద్దావిడ వస్తున్నారు. ఎవరి మాట వినను?" అని అడుగుతున్నారు.

సమాధానం

ఈ బ్యాగు బాగుపడితే అమ్మ బ్యాగు గొప్పతనం, పాడైతే కోడలి చేతి చలవ. ఆ సంగతి మీకు తెలుసు. ఎన్నో బ్యాగులు బాగుచేసిన మీరు దీని మీద చెయ్యి వేయడానికి జంకుతున్నది అందుకే. ఆ జంకు మంచిదే, అలాగే ఉంచుకోండి. తొందరపడి చేసే తప్పులు అదే ఆపుతుంది.

మీ ఆడపడుచులిద్దరూ ఒకరిది ఒకరు కొట్టేసే మాటలు మాట్లాడుతున్నట్టు మీకు అనిపిస్తోంది. కానీ బ్యాగును భాగాలుగా విడదీసి చూస్తే వాళ్ళ తగువు చిన్నదే. తెల్లపొర అలాగే ఉండాలని చిన్నావిడ అనలేదు. చిలుము ఉంచమనలేదు, తెగిన కుట్టు తెగినట్టే ఉండాలనలేదు. కలరా ఉండల వాసన మీద ఎవరికీ మమకారం ఉండదు. తేడా వస్తున్నది మూడు చోట్ల: పిడి నలుపు, లోపలి పేరు, పైరంగు. మిగతా పనంతా ఇద్దరికీ ఒక మాట చెప్పి రేపే మొదలుపెట్టుకోవచ్చు.

ఇక ఆ మూడింటి సంగతి. పాత వస్తువుల్ని కాపాడే మ్యూజియం నిపుణులు వీలైనంతవరకు ఒక పద్ధతి పాటిస్తారు. చేసిన పనిని రేపు ఇంకొకరు విప్పుకోగలిగేలా చేస్తారు. మీరూ అలాగే చూడండి. వేసిన కుట్టును విప్పొచ్చు. తుడిచిన దుమ్మును తిరిగి కావాలని ఎవరూ అడగరు. రంగు వేస్తే మాత్రం వెనక్కి రాదు, నీళ్ళలో ముంచినా అంతే. వెనక్కి రాని పనుల మీద నిర్ణయం ఆ తల్లి బిడ్డలది. మీరు పనిమంతురాలు మాత్రమే. ముగ్గురు బిడ్డలని గుర్తుంచుకోండి. మీవారికీ అందులో వాటా ఉంది, పక్కకు తప్పుకుంటే కుదరదు.

ముందు నీళ్ళ సంగతి చెబుతాను, ఎక్కువ బ్యాగులు పాడయ్యేది అక్కడే. ముంచడం అనేది ఉత్త బుద్ధితక్కువ పనని కొట్టిపారేయను. కొన్ని బ్యాగులు దాన్ని నిజంగా తట్టుకుంటాయి. 1941లో న్యూయార్క్‌లో మొదలైన కోచ్ కంపెనీ పాత బ్యాగులు చాలామటుకు దళసరి ఆవుతోలుతో, లోపల లైనింగు లేకుండా, లోపల అట్టలు గట్రా లేకుండా చేసినవి. 1960లలో డిజైనరు బోనీ కాషిన్ ఆ కంపెనీకి డిజైన్లు ఇచ్చిన కాలం నుంచీ కనిపించే ఇత్తడి తిప్పుడు గొళ్ళేలు కూడా గట్టివి. అలాంటి వాటిని ముంచి, నిదానంగా ఆరబెట్టి, మంచి ఫలితం చూపించినవాళ్ళు ఉన్నారు. అయితే వాటిలోనూ ఎరుపు, ముదురు నీలం రంగువి నీళ్ళలో రంగు వదిలేస్తుంటాయి. మీ అత్తగారి బ్యాగుకు లైనింగు ఉంది. లైనింగు ఉన్న పాత బ్యాగులో తోలుకూ గుడ్డకూ మధ్య జిగురు ఉంటుంది, అడుగున అట్ట ఉండే అవకాశం ఎక్కువ. ముంచితే జిగురు వదులుతుంది, అట్ట ఉబ్బి వంకర తిరుగుతుంది, ఆరాక తోలు మీద నీటి చారలు తేలతాయి. వీడియో వాళ్ళు చివర్న మెరుపు చూపిస్తారు, ఆరు నెలల తర్వాత అడుగు ఎలా ఉందో చూపించరు. ముంచొద్దు.

తడిగుడ్డతో తుడవడానికి కూడా ముందు పరీక్ష కావాలి. బ్యాగు అడుగున, ఎవరికీ కనపడని మూల, ఒక్క చుక్క నీళ్ళు వేసి చూడండి. చుక్క నిలబడితే తోలు మీద రంగు పొర, దానిపైన రక్షణ పూత ఉన్నట్టు. కొద్దిగా తడిచేసి పిండిన గుడ్డ దానికి ఇబ్బంది కాదు. చుక్క వెంటనే ఇంకి మచ్చ నల్లబడితే పైన పూత లేనట్టు, లేదా పూర్తిగా అరిగిపోయినట్టు. అలాంటి తోలు నీళ్ళనే కాదు, మీరు రాసే ప్రతిదాన్నీ తాగేస్తుంది. మీరు రాసిన పిడి నలుపును బట్టి చూస్తే ఇది రెండో రకమేమో అనిపిస్తోంది, కానీ చుక్క చెప్పేదాకా నా అంచనా నమ్మొద్దు.

పచ్చితోలును కుళ్ళిపోకుండా పదును చేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. తంగేడు చెక్క, తుమ్మచెక్క, కరక్కాయ లాంటి వాటి కషాయంలో నానబెట్టడం పాత పద్ధతి. క్రోమియం లవణాలతో చేయడం పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది, 1884లో అమెరికాలో దానికి పేటెంటు తీసుకున్నాక తోలు పరిశ్రమ చాలామటుకు అటు మళ్ళింది. కషాయంతో చేసిన తోలు వాడేకొద్దీ రంగు తేలి ముదురుతుంది, చేతి జిడ్డును బాగా పట్టుకుంటుంది. తడిగా ఉండగా వేడి తగిలితే 70, 85 డిగ్రీల సెల్సియస్ మధ్యే ముడుచుకుపోతుంది. క్రోమియం తోలు దాదాపు 100 దాకా తట్టుకుంటుంది. ముసలిదై నిస్సత్తువగా ఉన్న తోలు ఆ 70 కన్నా చాలా ముందే ముడుచుకోవచ్చు. అందుకే తడిసిన బ్యాగును ఎండలో గానీ, హెయిర్ డ్రయర్ ముందు గానీ, వేడి గొట్టాల దగ్గర గానీ ఆరబెట్టకూడదు. ఒకసారి ముడుచుకున్న తోలును ఏ క్రీమూ సాగదీయలేదు.

ఇంకో పరీక్ష కూడా చేయండి. పిడి మొదట్లో, మడత దగ్గర మెల్లగా వంచి, వేలితో రాయండి. ఎర్రటి పొడి వేలికి అంటితే ఆగిపోండి. కషాయపు తోలు గాలిలోని గంధకపు కాలుష్యం వల్ల లోపల్నుంచే ఆమ్లం పుట్టి పొడిగా మారిపోతుందన్నమాట. దాన్ని వెనక్కి తిప్పలేం, నీళ్ళు తగిలితే నల్లబడి గట్టిపడుతుంది. అలా ఉంటే ఈ బ్యాగు ఆఫీసుకు వెళ్ళే బ్యాగు కాదు, పెట్టెలో దాచుకునే బ్యాగు. అప్పుడు మీ తగువు దానంతటదే తీరిపోతుంది. పెద్దావిడకు ఆ పొడి చూపిస్తే చాలు.

పొడి రాలలేదనుకుందాం. తెల్లపొరతో మొదలుపెట్టండి, అయితే అది బూజో కాదో ముందు తేల్చుకోండి. చాలామంది ఇక్కడే పొరపడి ఆల్కహాలు పోసేస్తారు. పాత తోలులో పట్టించిన కొవ్వులు ఏళ్ళ తరబడి పైకి తేలి, చల్లబడ్డప్పుడు తెల్లగా పేరుకుంటాయి. చూడ్డానికి అచ్చం బూజే. బూజయితే గుండ్రటి మచ్చలుగా, నూగుగా ఉంటుంది, ముక్కిన వాసన వస్తుంది. కొవ్వయితే పలచటి పొరలా సమంగా పరుచుకుని ఉంటుంది. అయినా అనుమానంగా ఉంటే హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో పెట్టి, ఒక అడుగు దూరం నుంచి, తోలు పొడిగా ఉన్నప్పుడు మాత్రమే, కొన్ని సెకన్లు చూపించండి. కొవ్వయితే కరిగి మీ కళ్ళముందే మాయమవుతుంది. బూజు కదలదు. కొవ్వయితే పొడిగుడ్డతో తుడిస్తే సరి, కొన్నాళ్ళకు మళ్ళీ తేలితే మళ్ళీ తుడవాలి. దాన్ని చూసి తోలు ఎండిపోయిందనుకుని ఇంకా నూనె పట్టిస్తే ఇంకా తేలుతుంది.

బూజయితే బ్యాగును ఆరుబయటకు తీసుకెళ్ళి, ఎన్95 మాస్కు పెట్టుకుని, మెత్తటి బ్రష్షుతో దులపండి. ఇంట్లో దులిపితే ఆ బూజు విత్తులు మీ మిగతా బ్యాగుల మీద పడతాయి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలులో సగానికి సగం నీళ్ళు కలిపి, గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండి తుడవండి. ముందు అడుగు మూలలో తుడిచి చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఆల్కహాలు మానేసి, పొడి బ్రష్షుతోనే సరిపెట్టుకోండి. తర్వాత బ్యాగును ఎక్కడ పెడతారన్నది కూడా చూసుకోవాలి. గాలిలో తేమ 65, 70 శాతం దాటితే బూజు తిరిగొస్తుంది. అత్తగారి బీరువాలోకే మళ్ళీ తోసేస్తే మీ శ్రమంతా దండగ.

చిలుము పని తేలిక, ఓపిక కావాలి. ఇత్తడిలోని రాగి, తోలులోని కొవ్వు కలిసి ఆ పచ్చటి మైనపు పేరుకు తయారవుతుంది. చెక్కపుల్లతో గీకి, పొడి దూది పుల్లతో తుడిచేయండి. ఇత్తడి మెరుగుపెట్టే పాలిషు తోలుకు తగిలితే నల్లటి మచ్చ పడి పోదు. వాడాల్సివస్తే ప్లాస్టిక్ ముక్కకు కన్నం చేసి రివెట్టు చుట్టూ అడ్డం పెట్టుకోండి. ముందు ఒక అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే. గట్టిగా రుద్దితే పూత పోతుంది.

కుట్టు మీకు వచ్చిన పనే. రెండు సూదులతో, మైనం పట్టించిన పాలిస్టర్ దారంతో, పాత కన్నాల్లోంచే వేయండి. మిషను మీద వేస్తే కొత్త కన్నాలు పడతాయి. పాత తోలులో దగ్గర దగ్గరగా కన్నాల వరస పడితే ఆ గీత వెంబడే చిరుగుతుంది. వాసనకు, ఒక పెద్ద డబ్బాలో గిన్నెడు యాక్టివేటెడ్ బొగ్గు పెట్టి, దాని పక్కన మూత తెరిచిన బ్యాగు ఉంచి, డబ్బా మూసేయండి. వారాలు పడుతుంది. సుగంధాలు చల్లితే రెండు వాసనలు అవుతాయి, అంతే.

లైనింగు దగ్గర మాత్రం చిన్నావిడకు ముందే చెప్పాలి, అది తీసేయక తప్పదు. చేతికి అంటుకుంటోందంటే గుడ్డ మీది ప్లాస్టిక్ పూత, చాలావరకు పాలీయురెథేన్, గాలిలోని తేమకు లోలోపలే విరిగిపోతోందన్నమాట. అది మురికి కాదు, కడిగితే పోదు. పౌడరు చల్లితే కొన్నాళ్ళు జిగట తగ్గుతుంది, ఆ తర్వాత లోపల పెట్టిన ప్రతి కాగితానికీ అంటుకుంటుంది. పాతది కుట్లు విప్పి తీసి, దాన్నే నమూనాగా పెట్టి నేత గుడ్డతో కొత్తది కత్తిరించండి. పేరున్న జేబు తోలు ముక్కను మాత్రం జాగ్రత్తగా విప్పి, కొత్త గుడ్డ మీద అదే చోట కుట్టేయండి.

ఆ పేరు సంగతికి వస్తే, పెద్దావిడ అడిగింది మీరు చేయాలనుకున్నా చేయలేరు. బాల్‌పెన్ను సిరా తోలులోకి దిగిపోయి ఏళ్ళయింది. ఆల్కహాలుతో రుద్దితే అక్షరాలు పోవు, కరిగి చుట్టూ నీలంగా పాకుతాయి. నెయిల్ పాలిష్ రిమూవరు వేస్తే సిరాతో పాటు పైపూత కూడా లేస్తుంది. మిగిలేది పైన రంగు పూసి కప్పేయడం ఒక్కటే. "పోదు వదినా, పాకి గలీజవుతుంది" అని ఉన్నమాట చెప్పండి. నా ఉద్దేశంలో ఆవిడ పట్టుబట్టరు. వాళ్ళమ్మ దస్తూరీ అది.

ఇప్పుడు పిడి. చిన్నావిడ మాట తీసిపారేయొద్దు, కానీ ఆవిడకు తెలియాల్సిన సంగతి ఒకటి ఉంది. ఆ నలుపులో చెయ్యి ముద్రతో పాటు చెమట, చర్మపు నూనె, దుమ్ము ఉన్నాయి. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు తోలు పీచును తింటాయి. వాడుతున్న బ్యాగులైతే మొదట తెగేది పిడే, అదీ ఈ కారణంగానే. గోరుతో గీస్తే జిడ్డు లేస్తోందన్నారు కాబట్టి పైన పేరుకున్నది వేరు, తోలు తాగేసి ముదిరిన రంగు వేరు. పేరుకున్నదాన్ని తీసేయొచ్చు, తీసేయాలి కూడా. ముదిరిన రంగు ఎంత చేసినా చాలావరకు అలాగే ఉంటుంది. ఈ ముక్క ఆవిడకు చెబితే ఊపిరి పీల్చుకుంటుంది, ఎందుకంటే ఆవిడ ఉంచమంటున్నది ఆ రెండోదే.

పేరుకున్నది తీయడానికి నీళ్ళు అక్కర్లేదు. టాల్కం పౌడరు పిడి చుట్టూ దట్టంగా అద్ది, పలచటి గుడ్డ చుట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున బ్రష్షుతో దులిపితే పౌడరు బూడిదరంగులో రాలుతుంది, అది తాగిన జిడ్డే. రాలేది తెల్లగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేయండి. చివర తెల్ల రబ్బరుతో, పిల్లలు పెన్సిలు చెరుపుకునేదే, మెల్లగా ఒకే దిక్కుకు రాయండి. పైన మెరుపు లేకుండా మెత్తగా తేలితే చాలు, ఆగిపోవాలి. సబ్బు వద్దు. తోలు స్వభావం ఆమ్లం, పీహెచ్ (7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని చెప్పే కొలత) ఇంచుమించు 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. ఒంటి సబ్బు 9, 10 దాకా ఉంటుంది. వంటసోడా, తడి వైప్స్, చేతులకు రాసుకునే శానిటైజరు కూడా దీని దగ్గరకు రానీయొద్దు.

అయినా పిడి కాస్త ముదురుగానే ఉంటుంది. అది పెద్దావిడకు నచ్చకపోవచ్చు. అప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి, మూడింటికీ వెల ఉంది.

ఒకటి, అలాగే ఇచ్చేయడం. బ్యాగు శుభ్రంగా, గట్టిగా ఉంటుంది, పాతదని చూడగానే తెలుస్తుంది. చిన్నావిడకు సంతోషం. పెద్దావిడ రెండు రోజులు మూతి ముడుచుకోవచ్చు, కానీ రేపు మనసు మారితే ఏ పనైనా చేసుకునే వీలు మిగిలే ఉంటుంది.

రెండు, మీరు అన్నట్టు మొత్తానికి ముదురు రంగు. పిడి నలుపు కలిసిపోతుంది, ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. కానీ తోలు గీతలు, మడతల్లో తేలిన లేతరంగు, ఇన్నేళ్ళ వాడకంలో వచ్చినదంతా ఆ పూత కిందికి పోతుంది. జిడ్డు సరిగా వదలని చోట రంగు పట్టక పొలుసులు లేస్తుంది, అది సరిగ్గా పిడి దగ్గరే జరుగుతుంది. చేతి మీద, చీర మీద రంగు దిగే ప్రమాదం ఉంది. చేశాక తీయలేం. నాకైతే ఈ దారి ఇష్టం లేదు, దాచడం ఎందుకు. పెద్దావిడ కావాలంటే మాత్రం ఆ మాట చెల్లెలితో ఆవిడే చెప్పాలి, మీ నోటితో కాదు.

మూడోది మీకు తట్టలేదేమో, పిడి మార్చడం. కుట్లు విప్పి పాత పిడిని భద్రంగా తీసి, దాని కొలతకు కొత్త తోలు పిడి చేయించి పాత కన్నాల్లోనే కుట్టడం. పెద్దావిడకు రోజూ బరువు మోసే బ్యాగు దొరుకుతుంది. వాళ్ళమ్మ చెయ్యి పట్టిన పిడి చిన్నావిడ దగ్గర ఉంటుంది. రేపెప్పుడైనా తిరిగి కుట్టేయొచ్చు కూడా. వినడానికి బావుంది గానీ, కొత్త పిడి రంగు చాలాకాలం అతుకులాగే కనిపిస్తుంది. పైగా "అమ్మ బ్యాగును ముక్కలు చేసి పంచుకున్నాం" అని ఇద్దరిలో ఎవరికైనా అనిపిస్తే ఇంతకన్నా బాధాకరం ఉండదు. ఈ దారిని మీరు సలహాగా ముందుకు తోయకండి. ఇలా కూడా వీలుంది అని మాత్రం చెప్పి వదిలేయండి.

చేయనని తిరిగిచ్చేయడమూ ఒక దారే, అందులో తప్పు లేదు. అయితే చేయనంటే బ్యాగు ఏమవుతుందో ఊహించండి. పెద్దావిడ ఎక్కడో బాగుచేసేవాళ్ళకు ఇస్తారు. ఫలానాది చేయొద్దని కాగితం మీద రాసివ్వకపోతే వాళ్ళలో చాలామంది సులువైన పని చేస్తారు, పైన రంగు కొట్టి మెరిపించి ఇచ్చేస్తారు. చిన్నావిడ భయపడుతున్నది అదే కదా. తిరిగివ్వాలనుకుంటే బూజు, చిలుము, కుట్టు వరకు చేసి ఇవ్వండి. లేదా బయటికిచ్చేటప్పుడు ఏమేం చేయకూడదో మీరే రాసి ఇవ్వండి.

ఇక ముగ్గురికీ ఎలా చెప్పాలి. పని మొదలుపెట్టే ముందు వెలుతురులో అన్ని వైపులా ఫొటోలు తీయండి, పిడి దగ్గరగా తీయండి. ముగ్గురికీ ఒకేసారి, ఒకే మాటలతో మెసేజ్ పెట్టండి. ఒకరితో ఫోనులో, ఇంకొకరితో ఎదురుగా చెబితే "నాతో అలా అన్నావు, దానితో ఇలా అన్నావు" మొదలవుతుంది. ఇలా రాయొచ్చు: "బూజు, చిలుము, కుట్టు, వాసన, చెడిన లైనింగు ఇవి బాగుచేస్తున్నాను. పిడి మీద పేరుకున్న జిడ్డు తీస్తాను, రంగు అలాగే ఉంటుంది. పేరు చెరపడం కుదరదు. పైరంగు వేస్తే మళ్ళీ తీయలేం కాబట్టి మీరు ముగ్గురూ మాట్లాడుకుని సరే అంటేనే వేస్తాను." మీవారికి విడిగా ఇంకో మాట చెప్పండి. అక్క చెప్పినట్టు చేసెయ్ అనడం కూడా ఒక నిర్ణయమే, అది ఆయన చెల్లెలికి ఆయనే చెప్పాలి. నా అనుభవంలో ఈ ఒక్క మాటకు చాలామంది మగవాళ్ళు పేపరు పక్కన పెట్టి ఫోను అందుకుంటారు.

పెద్దావిడ అన్న ఆ అమ్మకం మాట మిమ్మల్ని గుచ్చుకున్నట్టుంది. అందులో ఎత్తిపొడుపు కన్నా నమ్మకమే ఎక్కువ ఉందేమో. మీరు అమ్మే బ్యాగు మీద జిడ్డు ఎవరిదో మీకు తెలీదు, అందుకే చెయ్యి వణకదు. అన్నట్టు, అమ్మేవాటికి రంగు వేసి ఉంటే కొనేవాళ్ళకు ముందే చెబుతున్నారనుకుంటాను. పాత బ్యాగులు కొనేవాళ్ళకు రంగు వేసినదా కాదా అన్నది పెద్ద తేడా.

అంతా అయ్యాక క్రీము సంగతి. కొబ్బరినూనె, ఆలివ్ నూనె వద్దు. కొబ్బరినూనె 24 డిగ్రీల కన్నా చల్లబడితే గడ్డకట్టి మళ్ళీ తెల్లపొర తెస్తుంది, ఆలివ్ నూనె గాలికి ముక్కిపోతుంది. నీట్స్‌ఫుట్ నూనె, అంటే పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసేది, తోలు పనివాళ్ళ చేతిలో మంచిదే గానీ రంగును బాగా ముదురుస్తుంది, ఎక్కువైతే తోలు చచ్చుబడి వేలాడుతుంది. బ్యాగులకని అమ్మే రంగులేని క్రీము బఠాణీ గింజంత గుడ్డకు రాసి, ముందు అడుగు మూలలో ఒక రోజు చూసి, తర్వాత పలచగా పట్టించండి. తెల్లపొర కొవ్వే అని తేలితే క్రీము అసలు అక్కర్లేదు, ఆ తోలులో ఉన్నదే ఎక్కువైంది.

పెద్దావిడ వచ్చేసరికి ఇదంతా పూర్తికాకపోవచ్చు. వాసన తగ్గడానికి బొగ్గుకు టైము కావాలి, లైనింగుకు మీకు కావాలి. సగం పనిలో ఉన్న బ్యాగు చూపించి, మిగిలింది చెప్పి పంపించండి, తొందరలో తడి బ్యాగు చేతిలో పెట్టొద్దు. చివరికి ఇచ్చేటప్పుడు తెల్లగుడ్డతో నాలుగు వైపులా గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు రంగు దిగకపోతేనే లేతరంగు బట్టల మీద వేసుకోమని చెప్పండి.